బండికి దారి చెప్పే డబ్బా

సెప్టెంబర్ 2, మంగళవారం

ఐజాక్ మళ్ళీ తప్పిపోయాడు. అదీ బెంగళూరంతా వదిలి పీణ్యలో! పదహారేళ్ళుగా కంప్రెసర్లు రిపేరు చేస్తూ తిరిగిన పీణ్యలో. పొద్దున తొమ్మిదికి ఫోన్ చేసి, అంతా తెలిసిన రోడ్డు మాదిరే ఉండాది మార్తా, ఎటు పోవాలో తెలీలా అన్నాడు. లొకేషన్ పంపించమన్నాను. చూస్తే తన కంపెనీ వెనక వీధిలోనే ఉన్నాడు.

జూన్‌లో చిన్న స్ట్రోక్ వచ్చింది. పోతూ పోతూ మా ఆయన దగ్గర దారులు పట్టుకుపోయింది. చెయ్యీ కాలూ బాగున్నాయి. ఏ మెషీన్‌కి ఏ బోల్టో కూడా గుర్తుంది. దారి ఒక్కటే లేదు. డాక్టర్‌ని అడిగితే బాగుపడవచ్చు, ఇలాగే ఉండవచ్చు, పెరగనూవచ్చు అన్నాడు. నర్సుగా నేనే ఆ మూడు మాటలూ ఎంతమందికి చెప్పి ఉంటానో. నాకు చెబితే ఇంత ఒళ్ళు మండుతుందని తెలియదు.

ఓనర్ ఆదినారాయణప్పకి చెబుదామంటే ఒప్పుకోడు. సైట్లకి పోలేని సర్వీస్ మెకానిక్‌ని ఎవురు పెట్టుకుంటారు, మూలన కూర్చోబెడతారా అని నా మీదే అరిచాడు. ఆ పని పోతే ఈ మనిషి మనిషిగా మిగలడు. నాకు తెలుసు.

సెప్టెంబర్ 3

హ్యాండిల్‌కి తగిలించిన ఫోన్ ఎండకి కాలిపోయి ఆగిపోతోంది. వానొస్తే స్క్రీన్ దానంతటదే నొక్కుకుంటోంది. బండికి వేరే జీపీఎస్ కొనాలి.

సెప్టెంబర్ 6, శనివారం

మూడు రోజులుగా రివ్యూలే. డ్యూటీ బ్రేక్‌లో ఇడ్లీ తింటూ రివ్యూలు, బస్సులో రివ్యూలు. మంచివి మా బండి ధరలో సగం ఉన్నాయి. చవకవాటిలో ఒకటి వాటర్‌ప్రూఫ్ అంటుంది, కిందే ఒకడు మొదటి వానకే చచ్చిందని రాస్తాడు. వందల ప్రశ్నలున్నాయి. రైడర్‌కి తన వీధే గుర్తు లేకపోతే ఏ మోడల్ కొనాలి అని మాత్రం ఎవరూ అడగలేదు.

సెప్టెంబర్ 8

బండి సామాన్ల షాపులుండే జేసీ రోడ్డుకి వెళ్ళాను. షాపాయన, హేమంత్‌కుమారట, లడఖ్ ట్రిప్పా అక్కా అని అడిగాడు. ఇక్కడే, దొడ్డబళ్ళాపురం సైటుకి అన్నాను. నవ్వేసి, దానికి ఇదంతా యాకక్కా, ఎందుకు, నేరుగా పోతే వస్తుంది కదా అన్నాడు. నేనూ నవ్వాను. ఏడుపొచ్చింది.

గుండ్రంగా వాచీ అంత ఉన్నది తీసుకున్నాను. మ్యాప్ ఉండదు. ఒక బాణం, ఇంకా ఎన్ని మీటర్లో అంకె, అంతే. మ్యాప్ చూస్తే ఐజాక్‌కి తల తిరుగుతోంది, బాణం చాలు. వాన, దుమ్ము, గ్లౌజులు, ఛార్జింగ్, అన్నీ అడిగాను. షాపాయన విసుక్కున్నా వదల్లేదు.

ఇంటికొచ్చి అడ్రస్‌లన్నీ నేనే ఎక్కించాను.

సెప్టెంబర్ 9, ఉదయం 9:10

ఒక్క మలుపూ తప్పకుండా కంపెనీ చేరాడు. దేవుడికి స్తోత్రం.

అదే రోజు, సాయంత్రం 7:20

ఐజాక్ ఫోన్. ఇంటి ముందరే ఉండాను, గేటు తీయవేమి అన్నాడు. నేను గేటు పట్టుకుని వీధిలోనే నిలబడి ఉన్నాను.

సెప్టెంబర్ 10

తప్పు నాదే. ఈ ఊళ్ళో ప్రతి లేఅవుట్‌కీ ఒక రెండో మెయిన్ రోడ్డు, ఒక నాలుగో క్రాస్ రోడ్డు ఉంటాయి. ఇంటి నంబర్ కూడా అదే ఉండి చచ్చింది. టైప్ చేయగానే పైన వచ్చినదాన్ని నొక్కేశాను. అది కుందలహళ్ళి దగ్గరిది. వానకి తడుస్తుందా అని పదిసార్లు అడిగినదాన్ని, ఏరియా పేరు ఒక్కసారి చదివానా? లేదు.

ఆటోలో వెళ్ళేసరికి ఆ ఇంటావిడ గీతాంజలి గారు ఆయన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. షూస్ విప్పి వాళ్ళ చెప్పుల పక్కన వరసగా పెట్టుకున్నాడు. మంచి మనిషండీ, మీరు ఊరికెళ్ళారేమో అని నన్నే అడుగుతున్నారు అంది ఆవిడ.

ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి రెండు గంటలు పోయాడు. ఇది మన దారి కాదని ఒక్కసారైనా అనిపించలేదా అని అడిగేశాను. అడగకుండా ఉండాల్సింది. నువ్వు పెట్టినావు కదా, అందుకే పోయినా అన్నాడు.

సెప్టెంబర్ 12

అడ్రస్ సరిచేశాను. ఆ డబ్బా వైపు చూడనంటున్నాడు. బతిమాలాను, తిట్టాను. ఊహూ.

మా వార్డులో ఫర్హానా నాతో షిఫ్ట్ మార్చుకుంది, దాని కడుపు చల్లగా. ఇక నేనే వెనక కూర్చుంటాను. ఎడమకి తిరగాలంటే ఎడమ భుజం తడతాను, కుడికైతే కుడి, ఆగాలంటే రెండూ పట్టుకుంటాను. పీణ్యలో దింపి నేను బస్సెక్కి హాస్పిటల్‌కి పోతాను. సైట్లకి పోవాలంటే ఏం చేయాలో ఇంకా తెలియదు. ముందే నిన్ను పెట్టుకోవాల్సింది, డబ్బా కంటే చవక అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఎన్నాళ్ళయిందో ఇద్దరం కలిసి నవ్వి.

సెప్టెంబర్ 14, ఆదివారం

చర్చి నుంచి వచ్చాం. మా గేటు ముందు రెండు భుజాలూ గట్టిగా పట్టుకున్నాను. బండి ఆపాడు. ఇంజన్ ఆపలేదు. మా గేటు వైపు చూసి, మళ్ళీ రోడ్డు వైపు చూశాడు.

తర్వాత, ఎడమకా కుడికా మార్తా అని అడిగాడు.