మా వీధికి రాని రెండో సగం

ఆరోగ్య ప్రచార విభాగం అధికారి గారి సముఖమునకు,
బడి వెనక వీధిలో ఉంటూ, పబ్లిక్ లైబ్రరీలో సహాయకురాలిగా పనిచేస్తున్న ఒకామె వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మానసిక ఆరోగ్యంపై మా వీధిలో జరిపిన అవగాహన సదస్సు సగంలో ఆగిపోయినందున, మిగిలిన సగమును జరిపించవలసినదిగా కోరుట గురించి.

ఈ ఉదయం మా అక్క బీన్స్‌ని చేత్తో తుంచింది. కత్తి ఏదని అడగలేదు. కాయలన్నీ ఒకే కొలతకి వచ్చేలా తుంచుకుంటూ పోయింది.

అర్జీలో ఇలాంటివి రాయకూడదని తెలుసు. ఒక పేరాలో ఒకే సంగతి ఉండాలి, ఏడుపు అసలు ఉండకూడదు అని కాన్వెంట్‌లో సిస్టర్ నేర్పారు. ఇకపై ఆ పద్ధతినే పాటించుటకు ప్రయత్నిస్తాను.

1. గత నెలలో తమ విభాగము వారు మా వీధి హాలులో సదస్సు నిర్వహించియున్నారు. అది రెండు భాగాలు. టీకి ముందు ‘గుర్తించడం ఎలా’, టీ తర్వాత ‘ఆదరించడం ఎలా’. వచ్చిన మేడం చక్కగా చెప్పారు. గోడకి ఒక పటం తగిలించారు. అందులో పది బొమ్మలు, పది లక్షణాలు, ఒక్కోదానికి ఒక్కో అంకె. తనలో తాను మాట్లాడుకోవడం రెండోది. నిద్ర పట్టకపోవడం నాలుగోది. ఎవరికీ తెలియనిది తనకే తెలుసనుకోవడం ఏడోది. మేడం అంకె చెబితే మేమంతా లక్షణం చెప్పాలి. మా వీధివాళ్ళు ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు.

2. మొదటి భాగం చివర మేడం, ‘ఇది సిగ్గుపడాల్సిన సంగతి కాదు. ఈ హాల్లో ఎవరికైనా ఉంటే ధైర్యంగా లేవండి’ అన్నారు. మా అక్క చేతిసంచి నా ఒళ్ళో పెట్టి లేచింది. ‘నాకుంది మేడం. మందులు వాడుతున్నా. పనిచేసుకుంటున్నా’ అంది. అంత మాట తను పదిమందిలో అనగలదని నాకే తెలియదు. అందరూ చప్పట్లు కొట్టారు. మేడం అక్క భుజం మీద చెయ్యి వేసి ఫొటో తీయించుకున్నారు. వెనక వరసలోంచి, అక్కతో పనిచేసే ఇస్త్రీ అన్న, ‘మన కటింగ్ అక్కకా? ఏమైందని, బానే ఉందిగా!’ అనడం విన్నాను. ఆ మాటకి నాకు చాలా సంతోషం కలిగింది. ఇది ఫిర్యాదు కాదు. జరిగింది జరిగినట్టు చెప్పాలి గనుక వ్రాసితిని.

3. టీ తాగుతుండగా మేడం గారికి ఫోను వచ్చింది. వేరేచోట పెద్దలెవరో వస్తున్నారట, జీపు వెంటనే పంపాలట. ‘మిగతాది ఇంకోసారి వచ్చి చెబుతాం’ అని వెళ్ళిపోయారు. మొదటి పటం గోడకే ఉండిపోయింది. రెండోది చుట్టింది చుట్టినట్టే జీపు ఎక్కింది. మేము కప్పులు పెట్టేసి వచ్చేసరికి మా వరసలో కుర్చీలు లేవు. ఎవరివి వాళ్ళు వేరే వరసల్లోకి జరుపుకున్నారు. మావి రెండే మిగిలాయి.

4. పై కారణము చేత మా వీధి ప్రజలకు గుర్తించుట మాత్రమే వచ్చినది. మా అక్క బడిపిల్లల యూనిఫాంలు కుట్టే షెడ్డులో కటింగ్ చేస్తుంది. గుడ్డ పొరలు పొరలుగా పరిచి, పైన సుద్దతో గీసి, పెద్ద కత్తెరతో ఒక్క ఊపున కోస్తుంది. గీసేటప్పుడు కొలతలు పైకి చెప్పుకుంటుంది. ఆ పని నేర్పిన ఆవిడ అలాగే చెప్పుకునేది, అక్కకీ అలవాటైంది. ఇన్నేళ్ళూ అది ఎవరి చెవికీ తగల్లేదు. ఇప్పుడు అక్క ‘చెయ్యి పదిహేడు’ అంటే చాలు, కాజాలు కుట్టే పిన్ని పక్క మిషను ఆవిడని మోచేత్తో పొడిచి, ‘అదిగో, రెండోది’ అంటుంది. వీధి పంపు దగ్గర పలకరింపులే మారిపోయాయి. ‘ఏం వదినా, కళ్ళు అలా ఉన్నాయి, నాలుగోదా?’ అని ఒకరంటే, ‘నాలుగోది కాదు, మీ అన్నయ్య గురక’ అని ఇంకొకరు. నవ్వుతారు. అక్క బిందెతో వస్తే మాత్రం అంకెలు ఆగిపోతాయి. ఆ నవ్వులో మమ్మల్ని కూడా కలుపుకుంటే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది.

5. సదస్సు మర్నాడు షెడ్డులో అక్క బల్ల మీద కత్తెర లేదు. ఓనరు గారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆయన చెడ్డవారు కాదు. ‘నీ మంచికేనమ్మా. పదునైన వస్తువు, మనసు ఎప్పుడెలా ఉంటుందో ఏమో. కొన్నాళ్ళు మడతలు పెట్టు’ అన్నారు. జబ్బు తగ్గి, అక్క మళ్ళీ పనిలో చేరాక ఆ కత్తెరతో కోసిన చొక్కాలు వేసుకుని ఎంతమంది పిల్లలు బడికి పోతున్నారో నాకు తెలియదు. రోజూ మా గుమ్మం ముందు నుంచే పోతారు.

6. అక్క స్థానంలో ఒక కొత్తాయనను నియమించిరి. ఆయన పొరలన్నీ ఒకే వైపుకి పరిచి, నమూనా తిప్పకుండా చేతుల ముక్కలు కోసేశారు. కుప్పకి కుప్ప అన్నీ ఎడమ చేతులే. మడతల బల్ల దగ్గర నుంచి అక్క అదంతా చూస్తూనే ఉంది.

‘చెప్పొచ్చుగా అక్కా!’ అన్నాను ఇంటికొచ్చాక.

‘చెబితే ఏడోది అంటారే’ అంది.

7. అక్క కత్తెర అడిగితే ఓనరు గారు, ‘జబ్బు లేదని డాక్టరు గారి చేత రాయించుకురా, ఆ నిమిషమే తాళం నీ చేతిలో పెడతా’ అన్నారు. ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు గారు, ‘చికిత్సలో ఉన్నారు. అన్ని పనులూ చేయగలరు’ అని రాసిచ్చారు. ఓనరు గారు ‘చికిత్సలో ఉన్నారు’ దాకా చదివి కాగితం మడిచి తిరిగి ఇచ్చేశారు. మళ్ళీ వెళ్ళాం. డాక్టరు గారు విసుక్కోలేదు. ‘మందులు వాడుతున్న మనిషికి జబ్బు లేదని ఎలా రాయనమ్మా? బీపీ ఉన్నవాళ్ళు కోయట్లేదా, కుట్టట్లేదా? మీ ఓనరుకి అది చెప్పండి’ అన్నారు. అక్క తల ఊపింది. బస్సులో ఆ కాగితం విప్పి, ‘చికిత్సలో ఉన్నారు’ అన్న దగ్గరే వేలు పెట్టుకుని కూర్చుంది.

8. మా అమ్మ కూడా ఆ సదస్సుకి వచ్చింది. ముందు వరసలో కూర్చుంది. ఇప్పుడు వంటింటి కత్తిని బియ్యం డబ్బాలో దాస్తోంది. నేను చూశానని తెలిసి, ‘నాకేం భయం లేదే. ఎందుకైనా మంచిదని’ అంది. ఆ జబ్బు రోజుల్లో అక్కని పక్కలో పడుకోబెట్టుకుని, జుట్టు దువ్వి, ముద్దలు పెట్టింది ఈ అమ్మే. అప్పుడు కత్తి గూట్లోనే ఉండేది. అప్పుడు అమ్మకి ఆ పది అంకెలు తెలియవు.

9. తమ కార్యాలయమునకు నేను స్వయముగా వచ్చియున్నాను. గుమాస్తా గారు దస్త్రం తీసి చూపించారు. అందులో మా వీధి ‘పూర్తయినది’. పక్కన చప్పట్ల ఫొటో కూడా ఉంది.

‘మీ వీధికి అవగాహన అయిపోయింది తల్లీ. ఒకసారి వచ్చేశాక మళ్ళీ ఎలా ఇస్తాం?’ అన్నారు.

‘సగమే వచ్చిందండీ’ అన్నాను.

‘సగాలకి ఇక్కడ గడి లేదమ్మా. అయితే పూర్తయింది, లేకపోతే కాలేదు. కాలేదని రాస్తే మా మేడం మెడకి చుట్టుకుంటుంది.’

ఆయన కూడా మర్యాదగానే మాట్లాడారు. ఈ వ్యవహారంలో నన్ను కసిరినవారు ఒక్కరూ లేరు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు.

10. చివరకు ఆ రెండో సగం నేనే చెప్పాలనుకున్నాను. మా లైబ్రరీలో దీని గురించి మంచి పుస్తకం ఉంది. అందులోంచి రెండు పేజీలు తేలిక మాటల్లో రాసుకుని, అన్నం వేళ షెడ్డుకి వెళ్ళి నిలబడ్డాను. నాకు చదవడం వచ్చు. మనుషుల మొహాలు చూస్తూ చెప్పడం రాదు. మొదటి వాక్యానికే తల దించేశాను. మిగతాదంతా కాగితానికే చెప్పుకున్నాను. అయ్యాక కాజాల పిన్ని డబ్బా మూత పెడుతూ, ‘బాగా చదివావమ్మా. గొంతు ఇంకాస్త పెంచితే వినబడేది’ అంది. ఇస్త్రీ అన్న పాపం, ‘మళ్ళీ చదువు చెల్లెమ్మా, ఈసారి వింటాం’ అన్నాడు. గంట కొట్టారు. అందరూ మిషన్ల మీదకి వెళ్ళిపోయారు. అక్క అటు తిరిగి మడతలు పెడుతూనే ఉంది. నేను వచ్చినందుకు సంతోషించిందో, సిగ్గుపడిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కావున తమరు దయయుంచి, అదే మేడం గారిని, ఆ చుట్టిన పటంతో సహా, మా వీధికి ఇంకొక్క పూట పంపవలసినదిగా ప్రార్థన. ఎక్కువసేపు అక్కర్లేదు. టీ మేమే పెడతాము. మందులు వాడుతూ పనిచేసేవాళ్ళు ఉంటారని, వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవచ్చని ఒక్క మాట మైకులో చెబితే చాలు. మైకులో చెప్పింది మా వీధివాళ్ళు నమ్ముతారు. మొదటిసారి నమ్మారు కదా. అది వీలు కాని పక్షమున, హాలు గోడకున్న ఆ మొదటి పటమునైనా తీయించవలెను. ప్రభుత్వ ఆస్తి గనుక మేము ముట్టుకోకూడదని వాచ్‌మన్ తాత అంటున్నాడు.

ఇంతకన్నా గట్టిగా అడగడం నాకు చేతకాదు. చిన్న గొంతుతో చేసిన మనవి అయినా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కటింగ్ అక్క చెల్లెలు

తా.క.: సంతకం పెట్టాక ఇది రాస్తున్నాను, క్షమించండి. పై అంశాలలో దేనికింద చేర్చాలో తెలియక వదిలేశాను. వరస ప్రకారం మా వీధి వంతు మళ్ళీ వచ్చే ఏడాదే అని గుమాస్తా గారు అన్నారు. అయ్యా, వచ్చే ఏడాది దాకా ఆగలేము. రెండోసారి డాక్టరు గారి దగ్గర నుంచి తిరిగి వచ్చిన రోజు నుంచి అక్క మాత్రలు వేసుకోవడం లేదు.