అత్తా అమ్మమ్మా ఒకరే

ధర్మవరం

హేమక్కకు సువర్ణ నమస్కారాలు. ఫోనులో చెబితే నీ పక్కనున్న అమ్మ వింటుందని, ఇన్నేళ్లకు కలం పట్టాను. పోస్టు ఎర్రన్న చదవకుండా కార్డును కవరులో పెట్టాను.

మా పాప ప్రసూనను పైదేశంలో ఉన్న మన తమ్ముడు వీరేష్ దగ్గరకు పంపాలని మొన్న వీసాకు చెన్నై తీసుకెళ్లాను. లోపల వీసా ఇచ్చే దొర, "మీ అత్త పేరు?" అన్నాడట.

"ఆంజినమ్మ."

"అమ్మమ్మ పేరు?"

"ఆంజినమ్మే."

"ఇద్దరికీ ఒకటే పేరా?"

"ఇద్దరు కాదు సార్, ఒకే మనిషి. మా అమ్మ తమ్ముణ్ణే నేను చేసుకునింది."

దొర రాయడం ఆపేశాడట. తెలుగు చెప్పే అమ్మాయి తల దించుకొని, "వీళ్ల చట్టంలో ఇది పెండ్లి కాదంటమ్మా" అనిందట.

బయటికొచ్చి పాప నన్నడిగింది: "అయితే నేను మామకు ఏమైతానమ్మా?" స్వామి ఎదుట కట్టిన తాళి అక్కా అది!

మన వంశాచారమని రుజువు చూపిస్తే మళ్లీ చూస్తారట. నువ్వూ మేనమామ నారాయణప్పనే చేసుకున్నావు కాబట్టి నీ పెళ్లి ఫొటో, కులపెద్దల సంతకాలతో ఒక కాగితం వెంటనే పంపు. నల్లమాడలో వాన పడిందా? శనగ విత్తినారా? నారాయణప్ప మామ మోకాళ్లు ఎట్లున్నాయి? కదిరి నరసింహస్వామికి పాప పేరున అర్చన చేయించు.

ఈ కార్డు దాచిపెట్టు, అమ్మకు మాత్రం చూపొద్దు. పట్టుబట్టి ఈ పెళ్లి చేసింది తనే. మనవరాలే కోడలైందని వచ్చినవాళ్లందరికీ ఇప్పటికీ చెప్పుకొని మురిసిపోతోంది.