ఇసక కాలని పాదాలు

బిట్రగుంట,
14-4-1962

ప్రియమైన అక్కకు నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నాకు మాత్రం చక్కెర జబ్బు వచ్చింది. బూటు ఒరుసుకుని బొటనవేలికి పుండు పడింది. ఎంతకీ మానకపోతే రైల్వే డాక్టరుకు చూపించుకున్నాను. మూత్రం కాచి చూసి సంగతి చెప్పారు.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. నాన్నకు మోకాలి దాకా తీసేశారనీ, పెదనాన్న రెండో కాలు తీసేలోపే పోయాడనీ చెప్పాను. చక్కెర చాలామందికి ఉంటుందట. కొన్ని వంశాల్లో మాత్రం దానితోపాటు కాళ్లకు నెత్తురు తీసుకుపోయే నాళాలు తొందరగా పూడుకుపోతాయట, కాలవలో ఒండ్రు మేట వేసినట్టు.

కాబట్టి నీకిచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా చెంచమ్మను మీ సంజీవరావుకు ఇవ్వను. నువ్వూ నేనూ ఒక తండ్రి బిడ్డలం. మేనరికం చేస్తే పుట్టే పిల్లలకు ఆ పీడ అటునుంచీ ఇటునుంచీ కూడా వస్తుంది. నా కాలు ఎలాగూ పోతుంది. మనవడి కాలు కూడా పోతుందని తెలిసి తలంబ్రాలు పోయించలేను. ఈ మాట రాయడానికి బాధగానే ఉంది.

నీ తమ్ముడు,
కుప్పయ్య

మైపాడు,
2-6-1962

ప్రియమైన తమ్ముడు కుప్పయ్యకు అక్క ఆదిశేషమ్మ దీవెనలు.

ఇది సంజీవరావు చేత రాయిస్తున్నా. తన పెళ్లి తప్పిపోయిన సంగతి వాడి చేతనే రాయించాల్సి వచ్చింది, అదీ నీ నిర్వాకం. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. పిల్లనివ్వడం ఇష్టం లేకుంటే లేదని చెప్పు, చచ్చిపోయిన నాన్న కాలు మీదికి నెట్టవాకు.

ఆ జబ్బు మనింట్లో మగోళ్లది. నన్ను చూడు. ఈ రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా సరుగుడు తోటకు కూటిగంప తీసుకుపోతున్నా. కూలోళ్లు కాళ్లు కాలి గంతులేస్తారు. నాకు ఇసక కాలనే కాలదు. "ఏం కాళ్లమ్మా నీవి, ఇనప కాళ్లా!" అంటా నవ్వినాడు వాళ్లలో ముత్యాలయ్య. ఆ నాన్న బిడ్డనే గదా నేనూ? నాకేం వచ్చింది?

బుద్ధి మారితే రాయి. లేకుంటే రాయవాకు.

నీ అక్క,
ఆదిశేషమ్మ

బిట్రగుంట,
20-9-1962

ప్రియమైన అక్కకు,

నా కార్డులకు జవాబు లేదు. కోపం తీరలేదనుకుంటాను. అయినా రాస్తున్నాను, రాయకపోతే తోచడం లేదు.

పుండు మానింది. మద్రాసు పెద్దాసుపత్రికి పంపించారు. అక్కడి డాక్టరు వేడినీళ్ల గాజుగొట్టం నా అరికాలికి ఆనించారు. చురుక్కుమని ఎగిరిపడితే సంతోషించారు. తర్వాత పాదం మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. అక్కడ కూడా నాడి కొట్టుకుంటుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. నాది పడుచువాడి నాడిలా ఉందట. "నిజంగా మీ నాన్నకు కాలు తీసేశారా?" అని రెండోసారి అడిగారు. చక్కెర ఒకటి, నాళాలు ఇంకొకటి, రెండూ వంశం నుంచే వచ్చినా కలిసే రావాలని లేదు అన్నారు.

నాకు నమ్మకం లేదు. నాన్నకూ యాభై దాటాకే మొదలైంది. చెంచమ్మకు కావలిలో ఒక సంబంధం చూస్తున్నాం. నీ దగ్గర దాచడం ఇష్టం లేక రాస్తున్నాను.

నీ తమ్ముడు,
కుప్పయ్య

మైపాడు,
1-10-1962

ప్రియమైన తమ్ముడికి,

ఇది సంజీవరావు చేత రాయించేది కాదు. నేనే రాస్తున్నా. వంకర అక్షరాలు ఓపిగ్గా చదువుకో.

మనింట్లో మగబిడ్డలు నిలవడం లేదని, నువ్వు పుట్టినప్పుడు నిన్ను చేటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచినారనీ, మంత్రసాని పెంచలమ్మ ఎత్తుకుంటే అమ్మ తవుడిచ్చి కొనుక్కుందనీ నీకు తెలుసు. అందుకే కుప్పయ్య అని పేరు పెట్టినారు. ఎన్నో ఇళ్లలో జరిగే ఉత్తుత్తి బేరమే అది. మనింట్లో మాత్రం నిజం బేరం. అమ్మ కన్న బిడ్డ పుట్టిన పూటే పోయినాడు. నాట్లకు వచ్చిన ఒకామె కాన్పులో చచ్చిపోతే, ఆమె బిడ్డను పెంచలమ్మ ఆ చేటలో పెట్టి తెచ్చింది. ఎవరి బిడ్డ అని అమ్మ అడగలేదు. తవుడు పట్టుకుని పక్కన నిలబడింది నేనే. ఎవరికీ చెప్పనని అమ్మ నా చేత ఒట్టేయించుకుంది.

నీలో ఉండేది నాన్న నెత్తురు కాదు. కాలు పోతుందని ఎదురుచూస్తా కూర్చోవాకు. మేనరికానికి నువ్వు చెప్పిన అడ్డమూ లేదు.

ఇది రాస్తే నాకు తమ్ముడు లేకుండా పోతాడేమోనని ఇన్నాళ్లూ భయపడినా. ఇప్పుడూ భయంగానే ఉంది.

అక్క

బిట్రగుంట,
8-10-1962

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందిన రోజు ఇంజన్ల షెడ్డుకు పోలేదు. మర్నాడు పోయాను. ఎవరి బిడ్డవని అక్కడెవరూ అడగలేదు. తవుడిచ్చి కొన్న సరుకు వాపసు తీసుకోరు, ఆ సంగతి అంతటితో సరి.

నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే సంగతి. నీ జూన్ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. నీకు ఇసక కాలదని రాశావు. మద్రాసులో గాజుగొట్టం ఎందుకు ఆనించారో నాకిప్పుడు అర్థమైంది. కాలితే భయం లేదు, కాలకపోతేనే భయం, పాదం మొద్దుబారిందన్నమాట. నాన్న నెత్తురు నాలో లేదంటే, అది ఉన్నది నీ ఒక్కదానిలోనే. ఇన్నాళ్లూ నా కాలు చూసుకుంటూ కూర్చున్నాను. చూడవలసింది నీ కాలు.

కాగితం మీద పాదాలు పెట్టి, చుట్టూ గీత గీయించి, తిరుగు టపాలో పంపు. చెప్పులు కుట్టించుకుని వస్తాను. నేను వచ్చేదాకా ఇసకలోకి దిగవద్దు. వేళ్ల సందులు కూడా రోజూ చూసుకో. ఇద్దరం కలిసి మద్రాసు పోదాం. తోట, కూలీలు అని వంకలు పెట్టవద్దు. నాకు భయంగా ఉంది అక్కా.

ఇక పెళ్లి మాట. అడ్డం లేదన్నావు. పూర్తిగా లేకపోలేదు. మా పిల్లకు నా చక్కెర రావచ్చు, మీవాడికి నాన్న నాళాలు రావచ్చు. అయినా గుంత ఎక్కడుందో తెలిస్తే చూసి అడుగు వేయవచ్చు. కావలి వాళ్లకు వద్దని కబురు పంపాను. చెంచమ్మను మీ ఇంటికే ఇస్తాను.

సంజీవరావు పాదాల కొలత కూడా పంపు. చెప్పుల్లేకుండా ఇసకలో తిరిగే అల్లుడికి నేను పిల్లనివ్వను.

తవుడిచ్చి కొన్న నీ తమ్ముడు,
కుప్పయ్య