నాలుగు మూలల పసుపు

బందరు,
యువ నామ సంవత్సరం, మాఘ శుద్ధ తదియ.

చిరంజీవి పద్మనాభానికి అక్క శేషారత్నం దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. నీ కార్డు అందింది.

ఇవాళ పొద్దుటి సంగతి రాస్తాను. రోజూ లేచే వేళకే లేచాను. నూతి చేంతాడు మంచుకి తడిసి ఉంది. నీళ్ళు తోడి, వాకిట ముగ్గు వేసి, తులసికి దణ్ణం పెట్టుకున్నాను. పాలమనిషి ఆలస్యంగా వచ్చింది, దూడ కట్టు తెంచుకుందిట. మీ బావగారు అరుగు మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. నిన్నటి పత్రిక ఆయనకి ఇంకా సగం మిగిలే ఉంది. నేను సహస్రనామం మధ్యలో ఉండగా పోస్టు జవాను అల్లావుద్దీన్ వచ్చాడు. మధ్యలో లేవనని అతనికి తెలుసు. అరుగు చివర కూర్చున్నాడు. పూర్తిచేసి, కార్డు అందుకుని, దేవుడి గూటి దగ్గర పెట్టి, హారతి ఇచ్చి, మళ్ళీ తీసుకుని బయటికి వచ్చాను.

పక్క వాటాలోంచి మన వసుంధర పెరుగు తోడుకని వచ్చింది. కార్డు చూసింది. నాలుగు మూలలా పసుపు. గిన్నె కింద పెట్టేసి, "అక్కయ్యా! అన్నయ్య మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడే!" అంది.

నువ్వు రాసింది నాలుగు ముక్కలు. "హంసలదీవిలో ఉన్నాను. కరణం వెంకటాద్రిగారింట భోజనం. ఎంతో ఆదరిస్తున్నారు. పౌర్ణమికి ముందు పని అయిపోతుంది. అన్నీ తరవాత చెబుతాను." వసుంధర దీన్ని మూడుసార్లు పైకి చదివింది. చదివిన ప్రతిసారీ కరణంగారి కూతురి వయసు తగ్గుతూ వచ్చింది.

మీ ఆవిడ పోయి ఆరేళ్ళయింది. నలభై ఎనిమిదేళ్ళవాడివి, గుడివాడ స్కూల్లో మేష్టరువి. నేనేమీ అడగను. వసుంధర అడగమంటోంది.

నా మొక్కు సంగతి. నీ టైఫాయిడు తగ్గితే హంసలదీవి స్వామి గుడి నుంచి సంగమం దాకా నడిచి వెళ్ళి మాఘ పౌర్ణమి స్నానం చేస్తానని మొక్కుకున్నాను కదా. గాలివానకి ఆ మూడు మైళ్ళ బాటా కంపతో మూసుకుపోయిందని, పడవలో వెళ్ళి రమ్మని ఇంట్లో అందరూ తీర్మానించారు. దేవుడి గూటి దగ్గర ఇంకో దీపం పెట్టాను.

ఆశీస్సులతో,
అక్క.

తా.క. పెళ్ళి అయివుంటే పేరు రాయి. పూజలో చెప్పుకోవాలి.

*

హంసలదీవి,
మాఘ శుద్ధ పంచమి.

పూజ్యురాలు అక్కయ్యకి పద్మనాభం నమస్కారాలు.

పెళ్ళేమిటి అక్కయ్యా! స్కూలుకి సెలవు పెట్టి నేనిక్కడికి వచ్చింది తుమ్మకంప కొట్టడానికి. నీ మొక్కు నా ప్రాణం కోసం మొక్కింది. దాన్ని పడవలో తీర్చుకోమంటే నాకు నిద్ర పట్టలేదు. ఎవరైనా ఆ బాట బాగుచేస్తారా అని వాకబు చేస్తే, మిషన్ స్కూలు దయానందం మేష్టారు అప్పటికే వాలంటీర్లని పోగుచేస్తున్నారు. "ఎవరినో పంపడం దేనికండీ, మీరే రండి" అన్నారు. వచ్చాను. పూర్తయ్యాక చెప్పి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. అది కాస్తా పోయింది.

మొత్తం ఏడుగురం. పామర్రు బషీర్ మాకు కత్తి పట్టడం నేర్పుతాడు. మొదటిరోజు నా వాటం చూసి, "మేష్టారూ, అది సుద్దముక్క కాదండీ, కాస్త గట్టిగా పట్టుకోండి" అన్నాడు. ఈ ఊరి సూరయ్య పాయల్లో పడవ నడిపే మనిషి. పోటు ఎప్పుడొస్తుందో అతని కాళ్ళకే తెలుస్తుంది. మేం పొద్దంతా కంప కొట్టి, మట్టి పోసి బాట తీస్తాం. పోటు వచ్చి సగం మళ్ళీ బురద చేసి పోతుంది. పెద్ద పాయ మీద తాటిదూలాలు పడాలి. అవి పడ్డాయా, బాట అయినట్టే.

నా గోళ్ళల్లో బురద, చెవుల్లో బురద. ఆ కార్డు రాసింది కూడా బురద చేతుల్తోనే. పసుపన్నది ఇక్కడికి వచ్చాక నేను కళ్ళచూడలేదు. అదెక్కడిది?

ఇట్లు,
పద్మనాభం.

తా.క. కరణంగారికి నలుగురు కొడుకులు. కూతుళ్ళు లేరు. ఈ ముక్క వసుంధరకి చదివి వినిపించు.

*

బందరు,
మాఘ శుద్ధ సప్తమి.

చిరంజీవి పద్మనాభానికి దీవెనలు.

చదివి వినిపించాను. "పాపం, సిగ్గు" అంది వసుంధర. వాళ్ళాయన భుజంగరావుగారు కోర్టు గుమస్తా కదా, ఇంకో మాట అన్నారు. "ఇన్ని వివరాలు ఇచ్చాడంటే ఏదో దాస్తున్నట్టే. నిజం చెప్పేవాడు ముక్తసరిగా చెబుతాడు."

"కరణంగారికి కూతుళ్ళే లేరట భుజంగరావుగారూ" అన్నాను.

"అయితే మేనకోడలై ఉంటుంది వదినగారూ" అన్నారు.

వసుంధర బజారుకి వెళ్ళి కొత్తకోడలికని చిలకపచ్చ చీర తెచ్చింది. మీ బావగారు మాత్రం నీ ఉత్తరం రెండుసార్లు చదువుకుని, "ఆ పాయ ఎంత వెడల్పుట?" అని అడిగారు. తెలీదన్నాను. మళ్ళీ పత్రిక తీసుకున్నారు.

నీ చేతులు బొబ్బలెక్కి ఉంటాయి. వేపనూనె రాసుకో. నేను దేవుడి దగ్గర కాసేపు ఎక్కువ కూర్చున్నాను. చతుర్దశికి పడవ మాట్లాడేశారు. బాట పూర్తికాకపోతే అదే గతి అన్నారు.

పసుపు సంగతి అడిగావు. తరవాత రాస్తాను.

ఆశీస్సులతో,
అక్క.

తా.క. వసుంధర చీర మార్చి పెద్దంచుది తెచ్చింది. కరణంగారి హోదాకి మొదటిది చాలదట.

*

బందరు,
మాఘ శుద్ధ నవమి.

చిరంజీవి పద్మనాభానికి దీవెనలు.

నీ రెండో కార్డు పొద్దున్న వచ్చింది. నేను గుడికి వెళ్ళాను. అల్లావుద్దీన్ వసుంధర చేతికిచ్చాడు. ఒక మూల నల్లగా ఉందిట. అశుభం కబురు గడప దాటి లోపలికి రాకూడదని, చదవకుండానే వీధిలో నిలబడి చింపి కాలవలో పడేసి, "పెళ్ళయి పది రోజులైనా కాలేదే తల్లీ!" అని కూలబడింది.

పైన చిరునామా నీ దస్తూరీయే కనుక, పోయింది నువ్వు కాదని భుజంగరావుగారు తేల్చారు. ఇక మిగిలింది ఆ అమ్మాయే.

నేను వచ్చేసరికి అందరి తలల మీంచీ నీళ్ళు కారుతున్నాయి. మీ బావగారు మైలస్నానం రెండుసార్లు చేశారు. మొదటిసారి కళ్ళజోడుతో చేశారని వసుంధర ఒప్పుకోలేదు. నేనూ చేశాను. స్నానం వల్ల చెడేమీ లేదు.

భుజంగరావుగారు, ఆయన తమ్ముళ్ళు నలుగురు, మీ బావగారు కలిసి పులిగడ్డ రేవు మీదుగా కరణంగారిని పరామర్శించడానికి బయల్దేరారు. కదిలేముందు మీ బావగారు గోనెసంచిలో ఏదో సర్దుకున్నారు. అడిగితే చెప్పలేదు.

ఆ కార్డులో ఏముంది నాయనా?

ఆశీస్సులతో,
అక్క.

తా.క. మన నూతి చేంతాడు కనబడటం లేదు. మధ్యాహ్నం నుంచి పక్కవాళ్ళని అడిగి తోడుకుంటున్నాం.

*

హంసలదీవి,
మాఘ శుద్ధ ద్వాదశి.

పూజ్యురాలు అక్కయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం నిన్న అందింది. అప్పటికే మన వాళ్ళు వచ్చి ఒక రోజయింది. ఇది చిన్న బావ భుజంగరావుగారి చేతికిచ్చి పంపుతున్నాను.

ఆ కార్డులో ఏముందో విను. "దూలం పోటుకి కొట్టుకుపోయింది. ముగ్గురికి జ్వరం. ఆరుగురు మనుషులు, ఒక గట్టి తాడు వెంటనే రాకపోతే బాట ఈ ఏడు లేనట్టే. బావగార్లతో చెప్పు." ఇదంతా మీ వీధి కాలవలో కొట్టుకుపోయింది.

దశమినాడు మిగిలిన నలుగురం పాయ గట్టున చతికిలబడ్డాం. దయానందంగారు కత్తులు మూట కట్టేస్తున్నారు. అంతలో కరణంగారింట ఏడుపులు. వెళ్ళి చూస్తే చిన్న బావగారు కరణంగారి చేతులు పట్టుకుని ఉన్నారు.

"అమ్మాయి పోయిన దుఃఖం మాకు తెలుసండీ" అంటున్నారు బావగారు.

"నాకు అమ్మాయే లేదండీ" అన్నారు కరణంగారు.

"అవునండీ, ఇంక లేదు. ఓర్చుకోవాలి."

"అసలే లేదండీ!"

"మొదట్లో అలాగే అనిపిస్తుంది" అని బావగారు ఆయన్ని కావలించుకున్నారు. కరణంగారికి కూడా కళ్ళనీళ్ళు తిరిగాయి, ఎందుకో ఆయనకే తెలీదు.

దయానందంగారు ఇవేవీ వినలేదు. తలలు లెక్కపెట్టి, "ఆరుగురు!" అన్నారు. మూట విప్పి తలా ఒక కత్తి ఇచ్చారు.

"మేం పరామర్శకి వచ్చామండీ" అన్నారు చిన్న బావగారు.

"చేద్దురుగాని. ముందు ఈ కొస పట్టుకోండి."

అప్పుడు పెద్ద బావగారు గోనెసంచి విప్పి మన చేంతాడు తీశారు. "పాయ ఎంత వెడల్పో తెలీక మొత్తం తెచ్చాను" అన్నారు. సూరయ్య దాన్ని నాలుగు పేటలు చేసి దూలాలకి కట్టాడు. నిన్న సాయంత్రం పోటు వచ్చింది, పోయింది. దూలాలు కదల్లేదు. ఇవాళ గుడి నుంచి సంగమం దాకా చెప్పుల్లేకుండా నడిచి చూశాను. ఒక్క ముల్లు లేదు. నువ్వు రావచ్చు.

ఇట్లు,
పద్మనాభం.

తా.క. అంతా సరే అక్కయ్యా. ఆ పసుపు ఎక్కడిది?

*

బందరు,
మాఘ శుద్ధ త్రయోదశి.

చిరంజీవి పద్మనాభానికి దీవెనలు.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. నీ చేతికే ఇస్తాను. వసుంధర ముందు నోటితో చెప్పలేని ముక్క ఒకటి ఉంది.

మగవాళ్ళు మధ్యాహ్నం చేరారు. భుజంగరావుగారు బొబ్బలెక్కిన చేతులు వీధిలో అందరికీ చూపించి వచ్చారు. వెళ్ళేముందు "బాట ఒట్టి సాకు" అన్న మనిషి, వచ్చాక "మా బాట" అంటున్నారు. పెళ్ళి లేదని వసుంధర ఎట్టకేలకు నమ్మింది. కాసేపు ఏడ్చింది. ఆ పిల్ల మీద ప్రేమ పెంచుకుంది పాపం.

సాయంత్రం దీపాలు పెట్టాక అందరూ అరుగు మీద కూర్చుని తీర్మానించారు. పడవ వద్దనుకున్నారు. రేపు తెల్లవారగానే అందరం బయల్దేరాలి. పెద్దంచు చీర స్వామి పక్కనున్న అమ్మవారికి ఇవ్వాలి. గుడి నుంచి సంగమం దాకా నేను ముందు నడవాలి, నా వెనక ఇంటిల్లిపాదీ నడవాలి.

నేను లేచి మడిచీర మూట కట్టుకున్నాను.

ఆశీస్సులతో,
అక్క.

తా.క. నీ మొదటి కార్డు కూడా నల్లటి మూలలతోనే వచ్చింది, నీ బురద చేతుల పుణ్యమా అని. వసుంధర చూస్తే వీధంతా వినబడేలా ఏడుస్తుందని, దేవుడి గూట్లోని పసుపు తీసి నాలుగు మూలలా నేనే రాశాను. రెండోది వచ్చిననాడు ఇంట్లో లేకపోయాను. ఆ అమ్మాయికి పెళ్ళి చేసిందీ నేనే, పంపేసిందీ నేనే. స్వామికి చెప్పుకున్నాను. వసుంధరకి నువ్వు చెప్పకు. ఈ ఉత్తరం చింపెయ్యి. చదివాకే.