పెన్సిలు పెట్టుకునే వైపు

దుకాణం నుంచి,
నవంబరు 16, ఆదివారం పొద్దున.

అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. అంతా అంటే నేను, అమ్మాయి, దుకాణం గుమ్మంలో పడుకుని వచ్చేపోయేవాళ్లకి అడ్డం పడే ఆ పిల్లి. నువ్వు వేళకి తింటున్నావనీ, ఆరోగ్యంగా ఉన్నావనీ తలుస్తాను.

పైన ఆ ఒక్క పిలుపు రాయడానికి తల ప్రాణం తోకకొచ్చింది. ముందు 'అల్లుడుగారికి' అని రాశాను. అది పెళ్లయిన కొత్తలో పిలిచిన పిలుపు, మనిద్దరికీ ఏనాడూ నప్పలేదు. కాగితం చించేసి 'బాబూ' అన్నాను. చదువుకుంటే ఏదో సాయం అడగబోతున్నట్టుంది. ఏ పిలుపూ లేకుండా మొదలుపెడితే కరెంటు ఆఫీసు నోటీసులా తయారైంది. వచ్చే శుక్రవారం మీ విడాకుల కాగితాల మీద జడ్జిగారి సంతకం పడేదాకా నువ్వు నాకు అల్లుడివే కదా, ఆ హక్కు వాడుకుంటున్నాను. ఆ తరవాత నిన్నేమని పిలవాలో నువ్వే చెప్పాలి. నాకైతే తోచడం లేదయ్యా.

ఈ ఉత్తరంతో వచ్చిన పొట్లంలో గోల్ఫు స్కోరుకార్డు పెట్టుకునే తోలు హోల్డరు ఉంది. అవును, అదే. నువ్వు అడిగీ అడిగీ విసిగిపోయి మానేసినదే.

ఆ వానరోజు నీకు గుర్తుండే ఉంటుంది. మన జన్మలో అంత మంచి స్కోరు మళ్లీ రాలేదు. మన అంటున్నాను చూడు, కొట్టింది నువ్వు, రాసింది నేను. ఆఖరి గుంటలో బంతి పడగానే నువ్వు చిన్నపిల్లాడిలా గెంతావు. ఇంటికొచ్చి చొక్కా జేబులోంచి కార్డు తీస్తే నానిపోయిన పిండిముద్ద వచ్చింది. అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. సాక్ష్యం లేని స్కోరుకి టీ కూడా పొయ్యనంది. పోసిందనుకో. అప్పుడే నువ్వు, మామయ్యా, ఊళ్లోవాళ్లందరికీ సంచులు కుడతారు, నాకో హోల్డరు కుట్టి పెట్టకూడదా అన్నావు. దానిదేముంది, రేపే కుట్టేస్తా అన్నాను.

రేపు, ఎల్లుండి, ఈ బెల్టుల ఆర్డరు అయ్యాక, ఆ బళ్లో పిల్లల సంచులు అయ్యాక. ఇంట్లోవాడివి కదా, ఎక్కడికి పోతావులే అనుకున్నాను. ముక్కూ మొహం తెలియనివాళ్లకి గడువు ప్రకారం ఇచ్చాను, నిన్ను మాత్రం నాన్చాను. ఇప్పుడు కుట్టాను. ఎప్పుడు కుట్టానో చూశావా? ఆ మాట తలుచుకుంటే నామీద నాకే ఒళ్లు మండుతోంది.

తోలు మంచిది. చెట్టు బెరడు రసంతో పదును చేసినది, ముదురు తేనెరంగు. నీ చేతిలో నలిగేకొద్దీ రంగు తేలుతుంది. ముందు పాత లెక్క ప్రకారం కత్తిరించాను. మన కార్డు నా అరచెయ్యంత ఉండేది కదా, కొలతలు నాకు కంఠతా వచ్చు అనే పొగరు. రెండు ముక్కలూ కోశాక ఎందుకో అనుమానం వచ్చింది. ఒక కార్డు తెచ్చి పెట్టి చూస్తే మంచిది కదా అని బస్సెక్కి మైదానానికి వెళ్లాను.

మైదానం పక్కన బస్సు డిపో గోడకి సున్నం కొట్టారు. నీ బంతులు తగిలిన మచ్చలన్నీ పోయాయి. ఎడమచేత్తో కొడతావా, ప్రతిసారీ బంతి ఎడమవైపు ఒంపు తిరిగి గోడ దాటేది. లోపలినుంచి డ్రైవర్లు తిట్టి మరీ వెనక్కి విసిరేవారు. ఇప్పుడా గోడ తెల్లగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

గేటు దగ్గర కార్డులిచ్చే పెద్దాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్లూ ఏమైపోయారండీ, మీ అల్లుడేమో ఒక్కడే వస్తున్నాడు అన్నాడు. నాకు నడుం నొప్పి అని చెప్పాను. చక్కగా అబద్ధమాడాను, నడుం నిక్షేపంలా ఉంది. ఆయన ఊరుకోకుండా, ఆ అబ్బాయి కార్డు కూడా తీసుకోవడం లేదండీ, ఇస్తుంటే వద్దంటాడు, కొడతాడు, వెళ్లిపోతాడు, ఎన్ని కొట్టాడో అతనికే తెలియదు అన్నాడు.

కార్డు పుచ్చుకుని వచ్చేశాను. బస్సులో చూసుకుంటే కార్డు మారిపోయింది. ఇదివరకటికంటే పొడుగు, మధ్యలో మడత. నేను కోసిన ముక్కలు దేనికీ పనికిరావు. మళ్లీ మొదటినుంచి కోశాను.

నువ్వు కార్డు తీసుకోకపోవడమేమిటయ్యా? నువ్వు ఎలాంటివాడివో నేను చూశాను. మురిక్కాలవ ఉన్న మూడో గుంట దగ్గర ఎవరూ చూడకపోయినా లెక్క తప్పేవాడివి కాదు. పోన్లే, ఏడు వేసెయ్యనా అని నేనంటే, కాదు మామయ్యా, ఎనిమిది కొట్టాను, ఎనిమిదే రాయండి అనేవాడివి. మొన్న వకీలు కూడా, భార్య మీద ఏదో ఒక తప్పు చూపిస్తే పని తొందరగా తెములుతుందంటే, ఆమె తప్పేమీ లేదని అడ్డంగా తలూపావట. అమ్మాయే చెప్పింది. చెప్పి, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అలాంటివాడివి లెక్క లేకుండా ఆడుతున్నావంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

సరే, హోల్డరు సంగతి. లోపల జేబు, కార్డు అందులో దూరుతుంది. బొత్తాం లేదు, తెరిచి మూయడమే. కుట్టు రెండు సూదులతో, ఒకే దారంతో, ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి. ఒక కుట్టు తెగినా పక్కది ఊడదు. దారానికి మైనం నేనే పట్టించాను. పెన్సిలు దూర్చే పట్టీ ఎడమవైపు ఉంది చూసుకో, నీ చేతివాటానికి తగ్గట్టు. కుడివైపు లోపల వరసగా చిన్న చిల్లులు కనబడితే కంగారుపడకు. తోలులో ఒకసారి చిల్లు పొడిచే ఆరె దిగితే ఆ చిల్లు మళ్లీ పూడదు, ఎంత రుద్దినా ఆనవాలు ఉంటుంది. పని చేసేటప్పుడు అలాంటివి అవుతుంటాయి.

ఇక అంచులు. నువ్వు ముందు చూడాల్సింది అవే. మా పనిలో కుట్టు ఎవడైనా నేర్చుకుంటాడు, మనిషి ఓపిక తెలిసేది అంచు దగ్గరే. జిగురు రెండు ముక్కలకీ రాయాలి, అంచుదాకా రాయాలి. ఒకదానికే రాసినా, అంచుకి కాస్త ఇవతలే ఆపేసినా, పైన ఎంత మెరుగు పెట్టు, ఏదో ఒకరోజు నోరు తెరుస్తుంది. నేను తోలు సంగతే చెబుతున్నాను. మీ ఇద్దరి సంగతి కాదు. మీరు కొట్టుకోలేదు, తిట్టుకోలేదు, మాటలు తగ్గించుకున్నారు, అంతే. దానికి నా దగ్గర జిగురు లేదు. ఉంటే డబ్బాతో తెచ్చి మీ గుమ్మంలో పెట్టేవాణ్ణి.

జిగురు ఆరాక అంచుని ఉప్పుకాగితంతో సమం చెయ్యాలి. రెండు మొనలూ చిన్న ఉలితో చెక్కి గుండ్రం చెయ్యాలి. తరవాత తడి చేసి, గాడి ఉన్న చెక్కతో రుద్దాలి. తడి ఎక్కువైతే ఉబ్బుతుంది, తక్కువైతే మాడుతుంది. రుద్దుతూ ఉంటే వేడెక్కి, అంచులోని పీచంతా పడుకుంటుంది. అప్పుడు మైనం, మళ్లీ రుద్దుడు. చివరికి అది రెండు ముక్కలని చెప్పినా ఎవరూ నమ్మరు. చలికి నా బొటనవేలి కీలు పట్టేస్తోంది కానీ, పని ఎక్కడా ఆగలేదు. కళ్లు మూసుకుని అంచు మీద వేలు పెట్టి చూడు. ఎక్కడైనా గరుకు తగిలితే నా పేరు మార్చుకుంటాను.

అమ్మాయి రెండుమూడుసార్లు బల్ల దగ్గరికొచ్చి అదేమిటని అడిగింది. ఎవరో కస్టమరుదన్నాను. ఊఁ అని వెళ్లిపోయింది. నమ్మింది. కళ్లద్దాల దుకాణంలో రోజంతా అద్దాల అంచులు అరగదీసి వస్తుంది కదా, ఇంట్లో కూడా అంచులంటే దానికి ఏం సరదా ఉంటుంది? చిన్నప్పుడు మాత్రం బడినుంచి వచ్చి నా పక్కన చేరేది. అంచులు రుద్దే పని దానిదే. చేతులు వెచ్చగా ఉంటాయి దానికి, మెరుగు ఇట్టే వచ్చేది.

మీ అత్తయ్య పోయాక ఆదివారాలంటే నాకు భయంగా ఉండేది. దుకాణం మూసి, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునేవాణ్ణి. నువ్వొచ్చి, ఊరికే కూర్చోకండి మామయ్యా, నాతో రండి, కార్డు రాసిపెడుదురుగాని అన్నావు. లిఫ్టులు బాగుచేసేవాడికి గోల్ఫేమిటి, అది డబ్బున్నవాళ్ల వేషాలు కదా అని వెక్కిరించాను. ఎవరో వాడి పడేసిన కర్రలు, అరిగిపోయిన గడ్డి, ఫ్లాస్కులో టీ. నన్ను మళ్లీ మనుషుల్లో పడేసింది నువ్వేనయ్యా. ఈ మాట నీతో ఎప్పుడూ అనలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నిన్ను నేను అడిగేది ఒక్కటే. కార్డు తీసుకుని ఆడు. మంచిగా కొట్టినా, దరిద్రంగా కొట్టినా, రాసి ఉండాలి. వచ్చే ఆదివారం పొద్దున నేను గేటు దగ్గర నిలబడతాను. శుక్రవారం అయిపోయాక నేను నీకు ఏమీ కానని తెలుసు. అయినా ఎప్పటిలా నువ్వు కొట్టు, నేను రాస్తాను. అమ్మాయికి నేను ఎలాగోలా చెప్పుకుంటాను. నాకది కావాలి. సిగ్గు విడిచి అడుగుతున్నాను.

ఉంటాను. చలిగా ఉంది, లిఫ్టు గుంటల్లోకి దిగేటప్పుడు చెవులకి ఏదైనా కట్టుకో.

ఇట్లు,
శుక్రవారం దాకా, ఆ తరవాత కూడా,
మీ మామయ్య

తా.క. ఉత్తరం మడిచి, పొట్లం కట్టి, తాడు కూడా బిగించాను. మళ్లీ విప్పాను. నీలాంటివాడి చేతికి పంపే వస్తువుతో అబద్ధం పంపబుద్ధి కాలేదు.

ఆ అంచులు నావి కావు. బొటనవేలు నన్ను మొన్న శుక్రవారమే ఆపేసింది. చెక్క పట్టుకుంటే నొక్కు పడడం లేదు, అంచంతా పీచు లేచి ఉంది. విసుగొచ్చి బల్ల మీద వదిలేశాను. నిన్న మధ్యాహ్నం దారం కొనడానికి బజారుకి వెళ్లి వచ్చేసరికి, అమ్మాయి నా పీట మీద కూర్చుని అంచు రుద్దుతోంది. కస్టమరుది కదా నాన్నా, ఆలస్యమైతే మాట వస్తుంది అంది, తలెత్తకుండా.

దగ్గరికి వెళ్లి చూస్తే పెన్సిలు పట్టీ వైపు మారి ఉంది. నేను దాన్ని కుడివైపు కుట్టాను. పొరపాటున కాదు. రాసేది నేనే కదా అనుకుని, నా చేతికి తగ్గట్టు కుట్టుకున్నాను. నీకని మొదలుపెట్టి నాకోసం చేసుకున్నానన్నమాట. అమ్మాయి ఆ కుట్లు ఒక్కొక్కటీ విప్పి, పట్టీ తీసి, ఎడమవైపు కుట్టింది. కుడివైపు నీకు కనబడే చిల్లులు అవే. ఎందుకమ్మా మార్చావు అని అడిగాను. ఇకమీదట రాసుకునేది ఆయనే కదా నాన్నా అంది.

అంత మాట అని, మళ్లీ చెక్క అందుకుంది. అంచు అప్పటికే అద్దంలా మెరుస్తోంది. ఇక చాలమ్మా, అరిగిపోతుంది అన్నాను. వినలేదు. చీకటి పడేదాకా అలా రుద్దుతూనే కూర్చుంది.

శుక్రవారం సంతకం వద్దని తను అనలేదు. అన్నదని చెప్పి నీకు ఆశ పెట్టను. గేటు దగ్గర నిలబడతానన్న మాట మాత్రం కొట్టెయ్యి. ఎప్పుడైనా పక్కన మనిషి కావాలనిపిస్తే కబురు చెయ్యి, వచ్చి చేతులు జేబులో పెట్టుకుని నడుస్తాను. నీ స్కోరు నువ్వే రాసుకో. ఎనిమిదైతే ఎనిమిదే రాయి.