వీపు వెనక ఎడమ చెయ్యి

అన్నా,

మన సబ్‌స్టేషన్‌లో బ్యాటరీల వోల్టేజీ చూసుకోవడానికి ఈరోజు కొత్త మీటరు బిగించారు. నువ్వు ప్రాణం వదిలిన గదిలోనే. బ్యాటరీల కరెంటు ఈ మీటరు దాకా రాదట, కొలత ఒక్కటే వస్తుందట. నాకు నమ్మకం కుదరడం లేదు.

రెండు చేతులూ తగిలితే కరెంటు గుండెలోంచి పోతుందని, కొలిచేటప్పుడు ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకోవాలని నాకు నేర్పింది నువ్వే. జారిన పానాను అందుకోబోయి ఆ ఒక్కరోజు రెండు చేతులూ చాపిందీ నువ్వే.

ఇప్పుడా గదిలో డ్యూటీ నీ కొడుకు శ్రీనుది. వాడు మీటరు మీద వేలు పెట్టబోతుంటే ఆపాను.

"ఎడమ చెయ్యి ఎనకకు పెట్టురా."

"గీ మీటరుకు గట్ల అక్కెర లేదు కాకా. ఫికర్ జెయ్యకు," అని నవ్వాడు. అయినా పెట్టాడు.

వాడు అంకెలు చదివినంతసేపూ గుమ్మంలోనే నిలబడ్డాను. తర్వాత చూసుకుంటే, నా ఎడమ చెయ్యి కూడా వీపు వెనకే ఉంది.