తిన్నవా అని అడిగిండట

జూన్ 5, గురువారం

రామకోటి పుస్తకాన్ని తిరగేసి వెనక పేజీ నుంచి రాస్తున్నాను. ముందు వైపు రాయడం ఆగిపోయి నెల కావస్తోంది.

ఒక పొద్దున గురించి రాసుకోవాలి. పోయిన నెల, నవ్యశ్రీ పెళ్లికి ముందు రోజు. నవ్యశ్రీ మా పెద్ద తమ్ముడు ఓంప్రకాశ్ బిడ్డ. చీకటితోనే లేచాను. వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు వేశాను. తలస్నానం చేసి దేవునర్రలోకి పోయాను. ముందటి సాయంత్రం కుమ్మరింటి నుంచి డప్పులతో తెచ్చిన ఐరేని కుండలు అక్కడ ఉన్నాయి. పెళ్లి అయ్యేదాకా వాటి ముందు దీపం ఆరకూడదు. ఆ కాపలా నాది. వత్తి ఎగదోసి నూనె పోశాను. టెంటు వాళ్లు వస్తే చాయ్ పెట్టాను. చుట్టాలకు ఉప్మా చేశాను. నేను తినలేదు. ఫోన్ ఫ్రిజ్ మీద ఛార్జింగ్‌లో ఉంది. చిన్న తమ్ముడు నరేశ్ మస్కట్ నుంచి రోజూ డ్యూటీకి పోయే ముందు చేస్తాడు. మమ్మల్ని కన్న అవ్వ పోయేనాటికి వాడికి నడక కూడా సరిగా రాదు. నా చేతి ముద్దలు తిని పెరిగాడు. ముందు రోజు ఫోన్ రాలేదు. ఆ పొద్దున కూడా రాలేదు.

చెల్లె బాలలక్ష్మి తల తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చింది. అక్కా, నువ్వు స్నానం చేస్తుంటే నరేశ్ మన ఓంప్రకాశ్ అన్న ఫోన్‌కు చేసిండు, లైన్ మంచిగ లేకుండె, అక్క తిన్నదా అని అడిగిండు అంది.

అడిగాడు కదా అని తిన్నాను. గిన్నె అడుగున మాడిన ఉప్మా, ఇంత మామిడికాయ తొక్కు.

నరేశ్ అప్పటికే చనిపోయి ఒక రోజు.

జూన్ 6, శుక్రవారం

పెళ్లి అయ్యి, బిడ్డను అత్తగారింటికి పంపాక చెప్పారు. నిన్న రాత్రే పోయిండట అక్కా, గుండె ఆగిందట అన్నాడు ఓంప్రకాశ్. వారం తర్వాత పెట్టె వచ్చింది. దాని వెంట వాడి రూంమేట్ కొండల్ వచ్చాడు. నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. బుధవారం పొద్దుగాల లేపితే లేవలే అక్కా, గప్పుడే ఓంప్రకాశ్ అన్నకు ఫోన్ చేసిన అన్నాడు. పాపం, అతనికేం తెలుసు.

ఐరేని కుండలు తెచ్చింది బుధవారం సాయంత్రం. అప్పటికే ఇంటికి మైల. మైలలో దేవుని దగ్గర దీపం పెట్టరు, పెళ్లి చేయరు. అందుకే నాకు చెప్పలేదు. మిగతావాళ్లను ఒప్పించవచ్చు, నన్ను ఒప్పించలేరు. వాడు చల్లగా తిరిగి రావాలని ధర్మపురి నరసింహస్వామికి నేను మొక్కుతుంటే, పక్కన నిలబడి అందరూ దండం పెట్టారు.

ఎవరినీ ఏమీ అడగలేదు. ఏడవలేదు. దేవునర్రలోకి పోవడం మానేశాను. అది చూసి ఇంట్లో పరేషాన్. ఆషాఢానికి నవ్యశ్రీ వస్తది, గప్పటికి వదినె మంచిగ కావాలె అంటోంది మరదలు. కౌన్సెలింగ్ చేయించమని నవ్యశ్రీయే ఫోన్‌లో వెతికి చెప్పిందట. రేపు కరీంనగర్ పోవాలి. తోడు రావడానికి బాలలక్ష్మి నస్పూర్ నుంచి వచ్చింది. బొగ్గు బావిలో పనిచేసే మొగుడికి అన్నం ఎవరు వండుతున్నారో.

జూన్ 7, శనివారం

బీపీ గోలీలు, పాత రిపోర్టులు సంచిలో పెట్టుకుని పోయాను. ఎవరూ చూడలేదు. మెడికల్ షాపు మీద రెండు గదులు. నాడి పట్టరు, సూది లేదు. వందన అని ఒక అమ్మాయి. మా నవ్యశ్రీ కంటే కొంచెం పెద్దది ఉంటుంది.

బాలలక్ష్మి నా వెంటే లోపలికి వచ్చి కుర్చీ లాక్కుంది. మా అక్క మాట్లాడది మేడం, నేనే చెప్త అంది. మీరు జర బయట కూసోండ్రి అని ఆ అమ్మాయి నవ్వుతూనే తలుపు వేసింది.

మిమ్మల్ని ఏమని పిలవమంటారు అంది. సత్తమ్మ అన్నాను. నేను మందులు రాయను అంది. ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటది, మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ఆపద అనిపిస్తేనే బయట చెప్త, అదీ ముందు మీతో చెప్పినంకనే అంది. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు ఇవ్వకపోయినా సరేనంది. మరిచిపొమ్మంటుందనుకున్నాను. కర్మ అంటుందనుకున్నాను. ఏమీ అనలేదు. నేనూ అనలేదు. సగం సేపు ఫ్యాన్ చప్పుడే. నాకు ఏ పనీ చెప్పకుండా అంతసేపు నా ఎదురుగా ఎవరూ కూర్చోలేదు ఇన్నేళ్లలో.

ఏమడిగింది అక్కా, ఏమడిగింది అని బస్సులో బాలలక్ష్మి ఒకటే గొడవ. ఫ్యాన్ తిరిగిందని చెప్పాను.

జూన్ 9, సోమవారం

నిద్ర లేదు. పోకముందే నయం.

జూన్ 11, బుధవారం

వాకిట్లో బాలలక్ష్మి ఓంప్రకాశ్‌తో చెప్పుకుంటోంది. అక్క ఏం చెప్పిందని ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడిగిందట. చెప్పనన్నదట. ఫీజు మనది, అక్క మనది, ముచ్చట మాత్రం ఆమెదట, గిదేం దుకాణమే అన్నా అంది. ఓంప్రకాశ్ నవ్వాడు. నువ్వయితే ఊరంత టాంటాం చేస్తుంటివి అన్నాడు.

కాదు. బాలలక్ష్మి బాగానే దాస్తుంది. దాయడంలో రకాలున్నాయని ఈ వయసులో తెలిసింది.

జూన్ 14, శనివారం

ఆ పొద్దున గురించి చెప్పాను. సాన్పి నుంచి ఉప్మా దాకా. తిన్నాను అనే మాట దగ్గర ఆగి సంచిలో గోలీలు వెతుక్కున్నాను. వందన నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. అంతే. వాళ్లను క్షమించమని చెప్పలేదు.

నిద్ర పట్టడం లేదన్నాను. మొదట్లో చాలామందికి మనసులో బరువు పెరిగినట్టే ఉంటదంది. ఆ మాట ముందే చెప్పొద్దా బిడ్డా అన్నాను. పోయిన వారమే చెప్పాల్సింది, తప్పు నాదే అంది.

ఈ నెల రోజుల్లో నా ముందు తప్పు ఒప్పుకున్న మనిషి ఈమె ఒక్కతే.

జూన్ 17, మంగళవారం

పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

జూన్ 21, శనివారం

దీపం ఎందుకు పెట్టడం లేదని అడిగింది. దేవుని మీద కోపమా అంది. దేవుడు నాతో అబద్ధం ఆడలేదన్నాను. మరి అంది. ఇంట్లో మైల ఉందో లేదో నాకు నిజం ఎవరు చెప్తారు? ఎవరున్నారో ఎవరు పోయారో తెలియకుండా వత్తి ఎట్లా వెలిగించను? ఈ మాట నోట్లోంచి వచ్చేదాకా నాకే తెలియదు. గొంతు లేచింది. నా గొంతు అంత పెద్దదని కూడా తెలియదు. తర్వాత చాలాసేపు ఏడ్చాను. వందన గడియారం చూడలేదు.

మెట్ల మీద కూర్చున్న బాలలక్ష్మికి అంతా వినబడింది. జగిత్యాలలో బస్సు మారాక అడిగాను. చచ్చిపోయినోని నోట్ల మాట ఎట్ల పెట్టినవే అన్నాను. ముందు సీటావిడ తిరిగి చూసింది. బాలలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నువ్వు తెల్లారంగ నుంచి ఏం ముట్టలే, ఊకె ఫోన్ దిక్కే చూస్తున్నవ్, వాడు ఎప్పుడు చేసినా ముందుగాల గదే అడుగుతడు గదనే అక్కా అంది. నీకు తెలిస్తే పెండ్లి ఆపుతవని అన్న భయపడ్డడు, ఆపకపోతుంటివా చెప్పు అంది.

ఆపేదాన్నే అన్నాను.

ధర్మపురిలో దిగేదాకా నా చెయ్యి పట్టుకునే ఉంది. నేను లాక్కోలేదు. పట్టుకోనూ లేదు.

జూన్ 22, ఆదివారం, సాయంత్రం

అందరూ కూర్చుని నిర్ణయించారు. కౌన్సెలింగ్ బంద్. అక్క మంచిగనే ఉండె, గక్కడికి పోయినంక నోరు లేసింది అన్నాడు ఓంప్రకాశ్. దేవునర్రలో దీపం ఇకనుంచి మరదలు పెడుతుంది. బుధవారం నవ్యశ్రీని తోలుకొస్తారు. కొత్త పెళ్లికూతురు కండ్లకు మంచిగ కనబడదు కాబట్టి, ఆమె ఉన్నన్నాళ్లు నరేశ్ ఫోటోకు దండ తీసేస్తారు.

శనివారం నేనొక్కదాన్నే పోతానన్నాను.

దండ తీయడానికి మరదలు స్టూలు తెచ్చేలోపు ఫోటో దించి నా అర్రలోకి తెచ్చుకున్నాను. దండతోనే. దాని ముందు దీపం పెట్టాను. నరేశ్ లేడన్నది ఒక్కటే ఈ ఇంట్లో నాకు ఖాయంగా తెలుసు.